ఆయనకి వీఆర్ఎస్ కావాలి, నాకేమో రిటైర్మెంట్ అంటేనే భయం: ఒక టీచరమ్మ ప్రశ్నకి జవాబు

ప్రశ్న పంపిన మేడమ్ గారు ఆంధ్రాలో ఎస్జీటీ (చిన్న తరగతుల టీచర్), వయసు 52, 2008 డీఎస్సీ (టీచర్ల నియామక పరీక్ష)లో వచ్చారు, అంటే సీపీఎస్, జీతంలోంచి నెలనెలా కొంత కోసి, గవర్నమెంట్ కొంత కలిపి మార్కెట్‌లో పెట్టే కొత్త పెన్షన్. వాళ్లాయన స్కూల్ అసిస్టెంట్ (హైస్కూల్ టీచర్), 1998లో చేరారు, 59 ఏళ్లు, పాత పెన్షన్, అంటే చివరి జీతం లెక్కన గవర్నమెంటే నెలనెలా ఇచ్చేది. టాయిలెట్ల ఫొటోలు, భోజనం ఫొటోలు, అటెండెన్స్ యాప్‌లు ఇక నా వల్ల కాదు, వీఆర్ఎస్ (గడువుకి ముందే స్వచ్ఛందంగా రిటైర్ అవ్వడం) పెట్టేస్తా, వచ్చిన డబ్బుతో అమ్మాయి పెళ్లి చేసేద్దాం అంటున్నారట. పెట్టమనాలా వద్దా అని అడిగారు.

మేడమ్, ఇది నాకు కొత్త కాదు. 1 సెప్టెంబర్ 2004కి ముందు చేరినవాళ్లు పాత పెన్షన్ ఉంది కాబట్టి రిటైర్మెంట్ అనగానే హమ్మయ్య అంటారు, తర్వాత చేరిన సీపీఎస్ వాళ్లు అదే స్టాఫ్ రూంలో పక్క కుర్చీలో కూర్చుని మొహం మాడ్చుకుంటారు. మీ దగ్గరైతే ఆ ఇద్దరూ ఒకే ఇంట్లో ఉన్నారు, అంతే తేడా.

ముందు సార్ లెక్క చూద్దాం. బేసిక్ 80 వేలు అనుకోండి, 62 దాకా చేస్తే 30 ఏళ్ల సర్వీసు, పాత పెన్షన్ లెక్క ప్రకారం 80,000 ఇంటూ 30 బై 66 అంటే నెలకి 36 వేల పైచిలుకు, దానిమీద డీఆర్ (పెన్షనర్లకిచ్చే కరువు భత్యం). ఇప్పుడే వీఆర్ఎస్ పెడితే వెయిటేజ్ అని సర్వీసుకి కొన్నేళ్లు అదనంగా కలుపుతారు కాబట్టి సర్వీసు ఇయర్స్ పెద్దగా పోవు, కానీ మూడు ఇంక్రిమెంట్లు పోతాయి, 2023 జూలై నుంచి రావాల్సిన 12వ పీఆర్సీ (జీతాల సవరణ) ఆయన సర్వీసులో ఉండగా అమలైతే వచ్చే లాభం పోతుంది, అన్నిటికంటే మూడేళ్ల ఫుల్ జీతం పోయి దాంట్లో సగం కూడా రాని పెన్షన్ మీద పడతారు. పెళ్లికని పెన్షన్‌లో 40 శాతం కమ్యూట్ చేస్తే, అంటే ఆ భాగాన్ని ముందే ఒకేసారి డబ్బుగా తీసేసుకుంటే, చేతికొచ్చే బేసిక్ పెన్షన్ 22 వేల లోపే, అది మళ్లీ పూర్తిగా రావడానికి 15 ఏళ్లు. ఈఎల్స్ (వాడుకోకుండా మిగిల్చి డబ్బుగా తీసుకునే ఆర్జిత సెలవులు) మీద కూడా ఆశ పెట్టుకోకండి, ఆఫీసు వాళ్లలాగా 300 రోజులు మన టీచర్లకి ఎక్కడివండీ, వేసవి సెలవులున్నాయని ఏడాదికి 6 మాత్రమే ఇస్తారు, అవీ మధ్యలో సరెండర్ చేసి డబ్బు తీసేసుకునుంటారు.

మా నాన్న కూడా మాస్టారే. సన్మానాల్లో వచ్చిన శాలువాలు పదకొండు, బీరువాలో ఇప్పటికీ కవర్లు కూడా విప్పలేదు, రిటైరైనప్పుడు ఒకేసారి వచ్చిన గ్రాట్యుటీ మాత్రం మూడు నెలల్లో అయిపోయింది, అక్క పెళ్లి అప్పులకి కొంత, "నెలకి రెండు రూపాయల వడ్డీ మాస్టారూ" అన్న పాత స్టూడెంట్‌కి కొంత. ఆ రెండోది తిరిగి రాలేదు. టీచర్లకి ఇదో బలహీనత, నా దగ్గర చదువుకున్నోడు నన్ను మోసం చేస్తాడా అనుకుంటారు.

ఇక మీ సంగతి, నాకు అసలు బెంగ మీ గురించే. సీపీఎస్‌లో మీ ప్రాన్ ఖాతాలో (మీ పేరుమీదున్న పెన్షన్ ఖాతా) 62 నాటికి 50 లక్షలు అయిందనుకుందాం, 60 శాతం అంటే 30 లక్షలు చేతికి, మిగతా 20 లక్షలతో యాన్యుటీ (నెలనెలా పెన్షన్ ఇచ్చే పాలసీ) కొనాలి, 7 శాతం ఇచ్చినా నెలకి 11,600 చిల్లర, దానికి డీఏ ఉండదు, పదేళ్ల తర్వాత కూడా అంతే. ఓపీఎస్ (పాత పెన్షన్) మాకూ వస్తుందా, జీపీఎస్ (సీపీఎస్ బదులు గవర్నమెంట్ తెస్తానన్న గ్యారంటీ పెన్షన్) ఏమవుతుందా అని యూనియన్ గ్రూపుల్లో మెసేజ్‌లు చూస్తూ కూర్చోకండి, వస్తే వచ్చింది. అంటే మీ ఇంటికి నికరమైన పెన్షన్ ఒక్కటే, సార్‌ది. రేపు ఆయన లేకపోతే మీకొచ్చే ఫ్యామిలీ పెన్షన్ కూడా ఆయన చివరి బేసిక్‌లో 30 శాతం లెక్కనే వస్తుంది, అందుకే ఆ చివరి బేసిక్ ఎంత పెరిగితే మీకు అంత మంచిది.

కాబట్టి నా ఓటు వీఆర్ఎస్ వద్దనే. మరీ విసిగిపోయుంటే హాఫ్ పే లీవులు (సగం జీతం సెలవులు) ఓ నెల పెట్టి ఇంట్లో కూర్చోమనండి, చాలామంది ఇరవయ్యో రోజుకే స్కూల్‌కి ఫోన్లు చేయడం మొదలెడతారు. ఒంట్లో బాలేక మానేస్తానంటే మాత్రం ఈ లెక్కలన్నీ పక్కన పెట్టేయండి.

పెళ్లికి ఇద్దరి జీతాల మీద ఇప్పట్నుంచే ఆర్డీ (నెలనెలా కట్టే బ్యాంకు డిపాజిట్) కట్టండి, సార్ గ్రాట్యుటీని ముట్టుకోవద్దు. అది వచ్చాక సీనియర్ సిటిజన్ స్కీంలో వేస్తే ఇప్పటి 8.2 శాతం ప్రకారం 20 లక్షలకి మూడు నెలలకోసారి 41 వేలు. మీరు విడిగా ఇండెక్స్ ఫండ్‌లో (షేర్ మార్కెట్ సూచీని అనుసరించే మ్యూచువల్ ఫండ్) నెలకి 10 వేలు సిప్, అంటే నెలనెలా పొదుపు, పెట్టండి, 10 శాతం వస్తే పదేళ్లకి 20 లక్షలు దాటుతుంది, గ్యారంటీ అయితే లేదు. ఈ ఆదివారం సార్ సర్వీస్ రిజిస్టర్ జిరాక్స్, మీ ప్రాన్ స్టేట్‌మెంట్ పక్కపక్కన పెట్టుకుని ఇద్దరూ కూర్చోండి, మీ ఖాతాలో ఏ నెలైనా గవర్నమెంట్ వాటా పడలేదేమో ముందు అది చూడండి.