దశాబ్దపు వరుసలో ‘లా లా ల్యాండ్’ ఎన్నోది?

ప్రశ్న: 2010 నుంచి 2019 దాకా వచ్చిన ప్రపంచ చిత్రాల్లో మేటివాటిని ఏరి జాబితాలు వేసేవారు డేమియన్ షజెల్ తీసిన ‘లా లా ల్యాండ్’ (2016) దగ్గరకు వచ్చేసరికి రెండుగా చీలిపోతున్నారు. కొందరు దాన్ని మొదటి ఐదింటిలో కూర్చోబెడితే, కొందరు ఊసే ఎత్తరు. మా అక్కకూ నాకూ ఈ విషయంలో ఎప్పటికీ తెగని తగువు. దాని స్థానం మీ దృష్టిలో ఏది? ‘మంచి చిత్రమే’ అని దాటవేయకుండా అంకె చెప్పవలసిందిగా మనవి.

జవాబు: అంకె అడిగారు కనుక అంకెతోనే మొదలుపెడతాను. నా జాబితాలో దానిది పన్నెండో స్థానం. ఈ మాటే ఒక మిత్రుడితో అంటే, ఎటూ తేల్చుకోలేనివాళ్లు చెప్పే అంకె అది అని ఆయన నవ్వారు. నవ్వినా దాని వెనుక ఒక లెక్క ఉంది. ఈ చిత్రంలోని చివరి పది నిమిషాలను విడిగా తూచమంటే వాటిని ఆ దశాబ్దపు మొదటి మూడింటి సరసన పెట్టడానికి నేను వెనుకాడను. మధ్యలో ఉన్న అరగంటను విడిగా తూచమంటే అది మొదటి యాభైలోకి రావడమూ కష్టమే. రెండింటినీ కలుపుకొని చూస్తే తేలిన స్థానం అది.

ముందు ఆ చివరి ఘట్టం సంగతి చూద్దాం. నటి కావాలని లాస్ ఏంజెలస్ చేరిన మియా (ఎమ్మా స్టోన్), సొంతంగా జాజ్ సంగీతపు క్లబ్ పెట్టాలని తపించే పియానో కళాకారుడు సెబాస్టియన్ (రయన్ గాస్లింగ్) ఎవరి దారిన వారు వెళ్లి ఐదేళ్లయింది. ఆమె ఇప్పుడు పేరున్న నటి, మరొకరి భార్య, ఒక బిడ్డకు తల్లి. ఒక రాత్రి భర్తతో కారులో వెళ్తూ ట్రాఫిక్‌లో చిక్కుకుని, దారి మళ్లి ఎక్కడో భోజనం చేసి, తిరిగి వస్తూ వీధిలో వినిపించిన సంగీతం వెంట ఒక క్లబ్‌లోకి దిగుతుంది. లోపల వెలుగుతున్న పేరు ఒకప్పుడు తాను గీసి ఇచ్చినదే. వేదిక మీద నిలబడ్డ సెబాస్టియన్ ఆమెను చూసి, మాట తడబడి, పియానో ముందు కూర్చుని, తొలిసారి ఆమె విన్న బాణీనే ఒక్కొక్క స్వరంగా అందుకుంటాడు. ఆనాడు ఒక రెస్టారెంట్‌లో ఆ బాణీ విని ఆమె మెచ్చుకోబోతే, అప్పుడే ఉద్యోగం ఊడిన ఉక్రోషంలో అతను ఆమెను భుజంతో రాసుకుంటూ విసురుగా దాటిపోయాడు. ఇప్పుడు అదే రెస్టారెంట్ మళ్లీ తెర మీదికి వస్తుంది. ఈసారి అతను దాటిపోడు, ఆమెను దగ్గరకు తీసుకుంటాడు.

అక్కడి నుంచి మాటలు ఉండవు. సంగీతం, నాట్యం, రంగులు వేసిన సెట్లు, ఇంట్లో తీసుకున్న పాత రీళ్లలాంటి మసక బొమ్మలు మాత్రమే ఉంటాయి. నిజ జీవితంలో కొద్దిమంది తప్ప ఎవరూ రాని ఆమె ఏకపాత్ర నాటకానికి ఈ ఊహలో హాలు నిండిపోతుంది, నిజానికి ఆ రోజు రాలేకపోయిన సెబాస్టియన్ ముందు వరుసలో లేచి నిలబడి చప్పట్లు కొడతాడు, ఆమెతో పాటు పారిస్‌కూ వెళ్తాడు. అంతా సుఖాంతమే అనుకునే చోట గమనించవలసిన చిన్న వివరం ఒకటుంది. ఆ ఊహ చివర వాళ్లిద్దరూ ఒక క్లబ్‌లో ప్రేక్షకులుగా కూర్చుంటారు, పియానో వాయించేది ఇంకెవరో. ఆమె దక్కిన ఆ జీవితంలో అతనికి క్లబ్ దక్కలేదన్నమాట. ఈ సంగతిని ఎవరూ నోరు తెరిచి చెప్పరు.

ఇది మ్యూజికల్‌కు మాత్రమే సాధ్యమైన పని అని నేను అనడానికి కారణం ఉంది. పాటలు ఉన్నంత మాత్రాన ఏ చిత్రమూ మ్యూజికల్ అయిపోదు; పాత్రలు మాటలతో చెప్పుకోలేనిది పాటలో, ఆటలో చెప్పుకోవడం, అలా చెప్పినది కథను ముందుకు నెట్టడం ఆ తరహా చిత్రాలకు ప్రాణం. రెండు గంటల పాటు పాట మొదలైతే చాలు, అది వాళ్ల మనసులోని నిజమని మనకు అలవాటు చేసిన షజెల్, చివరికి వచ్చేసరికి అదే అలవాటును వాడుకుని జరగని జీవితాన్ని చూపిస్తాడు. సంగీత దర్శకుడు జస్టిన్ హర్విట్జ్ ఆ ఒక్క బాణీని రెస్టారెంట్‌లో ఒంటరి పియానోగా, లాస్ ఏంజెలస్‌లోని గ్రిఫిత్ అబ్జర్వేటరీ ప్లానెటేరియంలో వాల్ట్జ్‌గా (జంట నాట్యపు బాణీగా), ఆఖరులో మళ్లీ ఒంటరి పియానోగా వినిపించాడు. అందుకే ఆ చివరి స్వరాలు చెవిన పడగానే ప్రేక్షకుడికి కథ మొత్తం ఒక్కసారిగా గుర్తుకొస్తుంది. ఆ దశాబ్దంలో ఫ్లాష్‌బ్యాక్ అవసరం లేకుండా జ్ఞాపకాన్ని ఇంత సూటిగా పలికించిన చిత్రం నాకు మరొకటి తట్టదు.

ఇక వెనక్కి లాగుతున్నవి. సెబాస్టియన్ తన పాత పరిచయస్థుడు కీత్ (జాన్ లెజెండ్) బృందంలో చేరిన దగ్గర నుంచి ఈ చిత్రం తాను మ్యూజికల్ అనే సంగతినే మరిచిపోతుంది. పాటలు పలచబడి, పాత్రలు పాడవలసిన చోట మాట్లాడతాయి. రాత్రి భోజనం దగ్గర ఇద్దరూ గొడవపడే దృశ్యం బాగుంటుంది: గ్రామఫోన్ రికార్డు అయిపోయి సూది ఊరికే తిరుగుతుంటుంది, ఆ నిశ్శబ్దంలో వంటగదిలోంచి పొగ అలారం మోగుతుంది. కానీ ఆ దృశ్యం ఏ మంచి కుటుంబ కథాచిత్రంలోనైనా ఒదిగిపోయేదే. పైగా జాజ్ గురించి ఈ చిత్రం చేసే వాదన అర్ధమనస్కంగా ఉంది. నల్లజాతి అమెరికన్లు సృష్టించిన సంగీతాన్ని కాపాడే బాధ్యత ఒక తెల్ల యువకుడు నెత్తిన వేసుకోవడం ఏమిటని విమర్శకులు అప్పట్లోనే అడిగారు. గతాన్ని పట్టుకు వేలాడితే కొత్తదారి ఎలా తెరుచుకుంటుందని కీత్ చేత చక్కని ప్రశ్న అడిగించిన దర్శకుడే, మరుక్షణం అతని కచేరీని మెరుపు దీపాలతో, నర్తకులతో డొల్లగా చూపించి ఆ ప్రశ్నకు విలువ లేకుండా చేశాడు. ఎదుటివాడి వాదనకు బలమిచ్చి, వెంటనే ఆ బలం లాక్కున్నట్టయింది. పన్నెండును ఎనిమిది చేయనీయకుండా ఆపిన లోపం ఇదే.

దీనికి పైన ఉన్నవాటిలో అస్గర్ ఫర్హాదీ ‘ఎ సెపరేషన్’ (2011), జార్జ్ మిల్లర్ ‘మ్యాడ్ మ్యాక్స్: ఫ్యూరీ రోడ్’ (2015), బాంగ్ జూన్ హో ‘పారసైట్’ (2019) ఉన్నాయి. ఈ మూడింటిలోనూ తీసివేయదగ్గ అరగంట దొరకదు.

ప్రశ్న: హీరో హీరోయిన్లకు గొంతూ అంతంత మాత్రం, ఆటా అంతంత మాత్రం. పాతకాలపు హాలీవుడ్ మ్యూజికల్స్ చూసినవారికి ఇది వెలితిగా ఉండదా? అలాంటి చిత్రానికి దశాబ్దపు మేటి వరుసలో చోటు ఎలా ఇస్తారు?

జవాబు: వెలితి ఉన్న మాట నిజం. పాతకాలపు హాలీవుడ్ మ్యూజికల్స్‌లో నాట్యానికి పేరుపడ్డ ఫ్రెడ్ ఆస్టేర్‌తో పోలిస్తే గాస్లింగ్ నాట్యం తొలి పాఠమే. అయితే ఈ ఇద్దరూ ఇంకా ఎక్కడికీ చేరనివాళ్లు, ఆడిషన్లలో తిరస్కారాలు తిన్నవాళ్లు. వాళ్లు ఆరితేరిన గాయకుల్లా పాడితే కథ మీద నమ్మకం పోతుంది. గ్రిఫిత్ పార్కు కొండ మీద, కింద నగరం దీపాలు మిణుకుమంటుండగా సాగే నాట్యాన్ని ఒకసారి మళ్లీ చూడండి. మియా బెంచీ మీద కూర్చుని ఎత్తు మడమల చెప్పులు విప్పి, సంచిలోంచి నాట్యం బూట్లు తీసి వేసుకుంటుంది. అంతవరకు ‘నీకూ నాకూ పొసగదు’ అని పాడుతున్న మనిషి చేసే పని అది! ఆ దృశ్యాన్ని సూర్యుడు అస్తమించాక ఆకాశం ఊదారంగులో ఉండే కొద్ది నిమిషాల్లోనే, ఎక్కడా కోత లేకుండా ఒకే షాట్‌గా తీశారు. తల నుంచి పాదం దాకా నర్తకుల శరీరం మొత్తం కనబడాలని ఆస్టేర్ పట్టుబట్టేవాడు. ఛాయాగ్రాహకుడు లైనస్ సాండ్‌గ్రెన్ ఇక్కడ ఆ పద్ధతినే పాటించాడు. తప్పటడుగు పడితే దాచుకునే వీలు లేని చోట నిలబడి ఆడటానికి కావలసిన ధైర్యం తక్కువేమీ కాదు. గాస్లింగ్ పియానో కూడా కొన్ని నెలలు కష్టపడి నేర్చుకుని తానే వాయించాడు, చేతులకు డూప్ పెట్టలేదు.

ఇక ఎమ్మా స్టోన్ ఆడిషన్ పాట. పారిస్‌లో ఉండిన తన మేనత్త ఒకనాడు ఉత్తికాళ్లతో సీన్ నదిలోకి దూకిన కథను మియా మామూలుగా చెప్పడం మొదలుపెడుతుంది. చెబుతూ చెబుతూ ఎప్పుడు పాడటం మొదలుపెట్టిందో మనకే తెలియదు. చుట్టూ గది చీకట్లోకి జారిపోతుంది, కెమెరా మెల్లగా ఆమె ముఖం దగ్గరకు వెళ్తుంది. ముందే రికార్డు చేసి పెదవులు కలిపించకుండా ఆ పాటను సెట్ మీదే నేరుగా పాడించారు. అక్కడ గొంతులో వినిపించే చిన్న జీర పాటకు మేలే చేసింది.

ప్రశ్న: ఇది ఫ్రెంచి దర్శకుడు జాక్ దెమీకి అనుకరణ అనే మాటలో నిజమెంత?

జవాబు: రుణం ఉంది, దాన్ని షజెల్ ఎన్నడూ దాచలేదు. ‘ది అంబ్రెల్లాస్ ఆఫ్ షెర్బూర్గ్’ (1964) చివర విడిపోయిన ప్రేమికులు ఏళ్ల తరవాత ఒక పెట్రోలు బంకు దగ్గర ఎదురుపడి, చెప్పుకోవడానికేమీ లేక వెళ్లిపోతారు. ‘లా లా ల్యాండ్’ ముగింపుకు మూలం అక్కడే ఉంది. అయితే దెమీ ఊరుకున్న చోట షజెల్ ఆ మౌనాన్ని తెరిచి లోపలేముందో చూపాడు. చిత్రం మొదట్లో లాస్ ఏంజెలస్‌లోని 105, 110 ఫ్రీవేలను (పెద్ద రహదారులను) కలిపే ర్యాంప్ మీద కార్ల కప్పులెక్కి ఆడే పాటలో దెమీ 1967 చిత్రం ‘ది యంగ్ గర్ల్స్ ఆఫ్ రోష్‌ఫోర్’ ఛాయలు మరింత స్పష్టం. ఒకే షాట్‌లా అనిపించే ఆ పాట నిజానికి అతుకు కనబడకుండా కలిపిన మూడు షాట్లు. నాకు అది గారడీగా ముచ్చటే గానీ, చిత్రం గొప్పతనం అక్కడ లేదు.

ప్రశ్న: ఆ దశాబ్దపు మ్యూజికల్స్‌లోనైనా ఇది మొదటిదేనా?

జవాబు: మొదటిదే. ‘లే మిజెరాబ్ల్’ (2012) పాటలన్నీ సెట్ మీదే పాడించే సాహసం చేసినా, కెమెరాను ముఖాలకు అంటించి ఊపిరాడకుండా చేసింది. ‘ది గ్రేటెస్ట్ షోమన్’ (2017) పాటలు ఊపునిస్తాయి, కథ వాటిని మోయలేదు. కోయెన్ సోదరుల ‘ఇన్‌సైడ్ లూయిన్ డేవిస్’ (2013) నాకు వీటన్నిటికంటే ఇష్టం. అయితే అది సంగీతకారుడి కథ, మ్యూజికల్ కాదు. అందులో పాట పాడేది వేదిక మీదో, గదిలోనో, పాటగానే.

ప్రశ్న: 2017 ఆస్కార్ రాత్రి ఉత్తమ చిత్రంగా ముందు దీని పేరే చదివి, తరవాత ‘మూన్‌లైట్’కు ఇచ్చారు. నిజంగానే గెలిచి ఉంటే దీని స్థానం మారేదా?

జవాబు: నా జాబితాలో మారేది కాదు. లోకంలో మాత్రం ఇంకాస్త దిగజారేదేమో. 14 నామినేషన్లతో ‘ఆల్ అబౌట్ ఈవ్’ (1950), ‘టైటానిక్’ (1997) చిత్రాల సరసన నిలిచిన చిత్రమిది. ఆ రాత్రి దర్శకత్వం, ఉత్తమ నటి సహా ఆరు ఆస్కార్లు అందుకుంది. 32 ఏళ్ల షజెల్ దర్శకత్వపు ఆస్కార్ పొందినవారిలో అతి పిన్న వయస్కుడయ్యాడు. అంతటి హోరు తరవాత ఉత్తమ నటి కవరు తాలూకు రెండో ప్రతి పొరపాటున ఉత్తమ చిత్రాన్ని ప్రకటించేవారి చేతికి రావడంతో తప్పు పేరు చదివారు. నిర్మాత జోర్డన్ హొరోవిట్జ్ స్వయంగా మైకు ముందుకు వచ్చి ‘మూన్‌లైట్’ పేరు చెప్పి, అసలు కార్డును అందరికీ ఎత్తి చూపించాడు. అప్పటి నుంచి ఒకదాన్ని పొగడాలంటే రెండోదాన్ని తిట్టాలన్నట్టు అయిపోయింది. చిత్రాల తప్పు లేకుండా చిత్రాలు వైరులయ్యాయి.

ఆస్కార్లు ఇచ్చే అకాడమీ తీర్పు విషయానికొస్తే, మీ అక్కగారు ఏ పక్షమో తెలియదు గానీ, ఆ రాత్రి చివరికి బహుమతి చేరవలసిన చేతికే చేరింది. బ్యారీ జెంకిన్స్ ‘మూన్‌లైట్’ నా జాబితాలో మూడోది.