అప్పు సంగతి తరువాత, ముందు రావలసిన బాకీ చూడండి

పెరంబూరులో పాఠశాలల యూనిఫారాలు కుట్టే చిన్న యూనిట్ నడుపుతున్న ఒక సోదరి అడిగిన ప్రశ్న ఇది: చెన్నైలో చిన్న వ్యాపారులకు డబ్బు తీసుకోకుండా సలహా చెప్పేవారు నిజంగా ఉన్నారా, బ్యాంకు రుణం ఇప్పిస్తానంటున్న కన్సల్టెంటుకు 15,000 రూపాయలు ఇవ్వవచ్చా? మాట వరసకు మరొక సంగతి కూడా రాశారు. రెండు పాఠశాలల నుంచి పోయిన జూన్ తాలూకు డబ్బు ఇంకా రాలేదట.

ఉచితంగా చెప్పేవారు ఉన్నారమ్మా. కన్సల్టెంటుకు డబ్బు ఇవ్వకండి. అయితే మీ ప్రశ్న మొత్తంలో నా మనసు ఆగింది మీరు మాట వరసకు రాసిన ఆ చివరి వాక్యం దగ్గర. నేను పద్నాలుగేళ్లుగా అంబత్తూరు పారిశ్రామికవాడలో అట్టపెట్టెలు తయారు చేస్తున్నాను. మాది నెల్లూరు వైపు ఊరు. ఈ పద్నాలుగేళ్లలో నాకు తెలిసిన చిన్న యజమానులలో అప్పు దొరకక మూతపడినవారికంటే, అమ్మిన సరుకుకు డబ్బు రాక మూతపడినవారే ఎక్కువ. అందుచేత ఉచిత సలహా అనే మాట వినగానే నాకు రుణం గుర్తుకు రాదు, 2024 ఫిబ్రవరిలో ఒక శనివారం ఉదయం గుర్తుకు వస్తుంది.

ఆనాటికి గృహోపకరణాల విడిభాగాలు చేసే ఒక సంస్థ నుంచి నాకు 11 బిల్లుల మీద 6,84,000 రూపాయలు రావలసి ఉంది. అన్నిటికంటే పాత బిల్లు 2023 జూలైది. క్రాఫ్ట్ కాగితం రీళ్లు ఇచ్చే వ్యాపారి నెల దాటితే లారీ పంపడు, పనివాళ్లకు శనివారం కూలి ఇచ్చి తీరాలి. ఆ సంస్థ అకౌంట్స్ విభాగానికి ఫోన్ చేసిన ప్రతిసారీ వచ్చే వారం అనేవారు. రెండు నెలల ఇంటి ఖర్చు నా భార్య తన చిట్టీ డబ్బుతో నడిపింది. ఆ పరిస్థితిలో నేను కూడా మీలాగే రుణం కోసమే తిరుగుతున్నాను. మా పక్క షెడ్డులో లేత్ పని చేసే అన్న ఒకాయన, శనివారాల్లో పరిశ్రమల సంఘం ఆఫీసులో ఒక రిటైర్డు బ్యాంకు మేనేజరు కూర్చుంటారని, ఎవరు వెళ్లినా డబ్బు తీసుకోకుండా మాట్లాడతారని చెబితే, ఫైలు పట్టుకుని వెళ్లాను.

ఆయనకు డెబ్బై దాటి ఉంటాయి. తమిళులే అయినా, ఉద్యోగంలో తిరుపతి, చిత్తూరు శాఖల్లో పనిచేసినందువల్ల మంచి తెలుగు మాట్లాడేవారు. నేను రుణం మాట ఎత్తగానే ఆపి, ఎంత కావాలని కాకుండా, ఎందుకు కావాలని అడిగారు. కాగితం కొనడానికని చెప్పాను. కాగితం కొనే డబ్బు ఏమైందని అడిగారు. అప్పుడు బాకీ సంగతి చెప్పాను. ఆయన నా ఫైలు తన వైపు తిప్పుకుని, 11 బిల్లులనూ బల్ల మీద తేదీల వరుసలో పరిచి, పెన్సిలుతో ఒక్కొక్కటీ చూస్తూ పోయారు. మధ్యలో టీ వచ్చి చల్లారింది కాని ఆయన తల ఎత్తలేదు. సరుకుతో పాటు పంపి, అందినట్టు సంతకం చేయించుకునే చలాన్లలో మూడింటి దగ్గర పెన్సిలు ఆగింది.

"బాబూ, ఈ సరుకు గేటు దాటి లోపలికి పోయిందని వాళ్లు ఒప్పుకున్నట్టు ఇందులో ఎక్కడుంది?" అన్నారు.

ఆ మూడు చలాన్ల మీద సెక్యూరిటీ అతని గీత తప్ప కంపెనీ ముద్రా లేదు, తేదీ లేదు. ఇక బిల్లులలో దేని మీదా నా ఉద్యమ్ నంబరు, అంటే చిన్న పరిశ్రమగా ప్రభుత్వం వద్ద నమోదైనందుకు వచ్చే నంబరు, లేదు. ఆ నమోదు చేసుకుని మూడేళ్లయినా, దానిని బిల్లు మీద అచ్చు వేయించాలని నాకు ఎవరూ చెప్పలేదు. ఆర్డరు కాగితంలో 90 రోజులకు చెల్లింపు అని ఉంటే, 90 రోజుల వరకు అడిగే హక్కు లేదని కూడా నేను నమ్ముతూ వచ్చాను.

అది తప్పని ఆయన అప్పటికప్పుడు చట్టం తీసి చూపించారు. 2006 నాటి ఎంఎస్ఎంఈ (సూక్ష్మ, చిన్న, మధ్యతరహా పరిశ్రమల) అభివృద్ధి చట్టం 15వ సెక్షన్ ప్రకారం సూక్ష్మ, చిన్న పరిశ్రమల వద్ద సరుకు తీసుకున్నవారు ఒప్పందంలో ఎన్ని రోజులు రాసుకున్నా 45 రోజులకు మించి డబ్బు ఆపకూడదు. రాతపూర్వక ఒప్పందమే లేకపోతే గడువు 15 రోజులే. సరుకు అందిన 15 రోజులలోగా కొన్నవారు లిఖితపూర్వకంగా అభ్యంతరం చెప్పకపోతే, అందిన రోజే దానిని అంగీకరించినట్టు లెక్క. గడువు దాటితే 16వ సెక్షన్ కింద రిజర్వు బ్యాంకు నిర్ణయించే బ్యాంకు రేటుకు మూడు రెట్ల వడ్డీ, అది కూడా నెలనెలా అసలులో కలిసే చక్రవడ్డీ పడుతుంది. ఆనాడు బ్యాంకు రేటు 6.75 శాతం కాబట్టి, వడ్డీ సాలుకు 20.25 శాతం. నా 11 బిల్లులకు ఆయన కాగితం మీద లెక్క కట్టి చూపిన వడ్డీ 46 వేల చిల్లర వచ్చింది. ఆ అంకె చూసి నేను కొంతసేపు మాట్లాడలేకపోయాను. అన్ని నెలలుగా ఫోన్లో బతిమాలినట్టు మాట్లాడుతున్న నాకు, అడగడానికి ఇంత బలం ఉందని అప్పటివరకు తెలియదు.

ఆయన నన్ను వెంటనే ఫిర్యాదుకు పంపలేదు. ఆ సలహా విలువ అక్కడే ఉందని నేను ఈనాటికీ నమ్ముతాను. 18వ సెక్షన్ కింద ఇటువంటి బాకీల తగవులు తేల్చే రాష్ట్ర ఫెసిలిటేషన్ కౌన్సిల్‌కు వెళ్లవచ్చనీ, అందుకు 2017లో వచ్చిన సమాధాన్ పోర్టల్‌లో దరఖాస్తు పెట్టవచ్చనీ చెబుతూనే, "నీకు ఈ కస్టమరు కావాలా, వడ్డీ కావాలా, ముందు అది చెప్పు" అని అడిగారు. నా నెలసరి పనిలో మూడో వంతు ఆ సంస్థదే కనుక కస్టమరే కావాలన్నాను. అయితే ముందు ఉత్తరం రాద్దామన్నారు. కౌన్సిల్ 90 రోజులలో తేల్చాలని చట్టం చెబుతున్నా, మా లేత్ అన్న కేసు ఏడాది దాటి నడిచింది కాబట్టి ఆ మాట నాకు సబబుగానే తోచింది.

ఆ ఉత్తరం ఒక్క పేజీ. పైన నా ఉద్యమ్ నంబరు, కింద 11 బిల్లుల నంబర్లు, సరుకు అందిన తేదీలు, ఒక్కొక్కదానికి 45 రోజులు నిండిన తేదీ, రావలసిన మొత్తం రాయించారు. చివర ఆనాటి ఆదాయపు పన్ను చట్టంలోని 43బి(హెచ్) నిబంధనను ఒకే వాక్యంలో గుర్తు చేయించారు. 2023 ఫైనాన్స్ చట్టం తెచ్చిన ఆ నిబంధన సరిగ్గా ఆ ఆర్థిక సంవత్సరం నుంచే అమలులోకి వచ్చింది. దాని ప్రకారం సూక్ష్మ, చిన్న పరిశ్రమలకు గడువు దాటించి ఆపిన సొమ్మును, నిజంగా చెల్లించిన సంవత్సరంలోనే ఖర్చుగా చూపుకోవాలి. అంటే మార్చి 31లోగా నాకు ఇవ్వకపోతే ఆ ఏడాది ఆ సంస్థ లాభంలో అంత మొత్తం పెరిగి, దాని మీద పన్ను పడుతుంది. ఉత్తరంలో బెదిరింపు మాట ఒక్కటీ ఉండకూడదని చెప్పి, నేను ఆవేశంగా రాసిన రెండు వాక్యాలను ఆయనే కొట్టివేశారు. ముద్ర లేని ఆ మూడు చలాన్లకు స్టోర్స్ విభాగంలో తెలిసినవారిని అడిగి, సరుకు అందిన రసీదులు తెచ్చుకున్న తరువాతే ఉత్తరాన్ని రిజిస్టర్డు పోస్టులోను, ఈమెయిల్లోను పంపించాను.

మార్చి 27న ఐదు లక్షలు నా ఖాతాలో పడ్డాయి. మిగిలినది మే నెలలో వచ్చింది. వడ్డీ నేను అడగలేదు, వారూ ఇవ్వలేదు. కస్టమరు ఈనాటికీ ఉన్నారు. రుణం కోసం బ్యాంకుకు వెళ్లే అవసరం ఆ ఏడాది రాలేదు.

ఇక మీరు అడిగిన కన్సల్టెంటు విషయం. మొదట నా ఉద్యమ్ నమోదుకు ఒకతను నా దగ్గర 2,500 రూపాయలు తీసుకున్నాడు. 2020 జూలై 1న మొదలైన ఆ నమోదుకు ప్రభుత్వం ఒక్క రూపాయి కూడా తీసుకోదు. ఆధార్, పాన్ నంబర్లు చేత ఉంటే కాగితాలేవీ ఎక్కించకుండా ఇంట్లో కూర్చుని పూర్తి చేయవచ్చు. ప్రభుత్వ వెబ్‌సైటులా కనిపించే ప్రైవేటు సైట్లు చాలా ఉన్నాయి, రుసుము అడిగినచోట వెంటనే ఆగిపోండి. బ్యాంకు రుణం కోసం రాయించే ప్రాజెక్టు రిపోర్టుల వ్యవహారం మరీ బాధాకరం. మా వాడలో ఇద్దరికి ఒకే కన్సల్టెంటు ఇచ్చిన రిపోర్టులు పక్కపక్కన పెట్టి చూస్తే, ఒకరిది ప్లాస్టిక్ మౌల్డింగు, మరొకరిది బేకరీ అయినా, కరెంటు ఖర్చు అంకె ఒకటే ఉంది. బ్యాంకు అధికారి అటువంటి రిపోర్టును నమ్మకపోతే తప్పు అధికారిది కాదు.

హోటళ్లలో జరిగే అవగాహన సదస్సుల మీద కూడా నాకు ఫిర్యాదు ఉంది. మూడు గంటలు పథకాల పేర్లన్నీ ఇంగ్లీషులో చదివి భోజనం పెట్టి పంపిస్తే, చలాను మీద ముద్ర వేయించుకోవాలన్న సంగతి ఎవరికి తెలుస్తుంది? అరగంట పక్కన కూర్చుని మన కాగితం మనతో చదివే మనిషి ఒక్కరు అటువంటి పది సదస్సుల పెట్టు. సంఘాలు ఆ ఖర్చును శనివారాల్లో ఇద్దరు అనుభవజ్ఞులను కూర్చోబెట్టడానికి మళ్లిస్తే ఎంతమంది నిలబడతారో నాకు తెలుసు.

వెళ్లవలసిన చోట్ల సంగతి చెబుతాను. గిండీలో జీఎస్‌టీ రోడ్డు మీద కేంద్ర ప్రభుత్వ ఎంఎస్ఎంఈ కార్యాలయం ఉంది. పాతవారిని అడిగేటప్పుడు ఎస్ఐఎస్ఐ అనే పాత పేరు చెబితే త్వరగా దారి చూపిస్తారు. జిల్లా పరిశ్రమల కేంద్రంలో రాష్ట్ర పథకాల వివరాలు చెబుతారు. మీకు 35 ఏళ్లు దాటకపోతే, 1992లో ప్రారంభమైన భారతీయ యువ శక్తి ట్రస్టు గురించి విచారించండి. అనుభవం ఉన్న ఒక వ్యాపారిని మార్గదర్శిగా జతచేయడం వారి పద్ధతి. పచ్చళ్లు, పొడులు చేసే తెలుగు ఆడవారు మన చుట్టూ చాలామంది ఉన్నారు కనుక ఇది కూడా చెబుతున్నాను: ఆహార తయారీ యూనిట్లకు 2020లో వచ్చిన పీఎంఎఫ్ఎంఈ పథకంలో దరఖాస్తుకు, ప్రాజెక్టు రిపోర్టుకు సాయపడే జిల్లా స్థాయి వ్యక్తులకు రుసుము పథకమే చెల్లిస్తుంది, దరఖాస్తుదారు ఇవ్వనక్కరలేదు.

ఒక జాగ్రత్త చెప్పాలి. బాకీ మీద ఈ చట్టం ఇచ్చే రక్షణ తయారు చేసేవారికి, సేవలు అందించేవారికి వర్తిస్తుంది. కొని అమ్మే వ్యాపారులకు 2021 నుంచి ఉద్యమ్ నమోదు అవకాశం ఇచ్చినా, అది బ్యాంకుల ప్రాధాన్య రంగ రుణాల వరకే. మీరు గుడ్డ తెచ్చి కుట్టించి ఇస్తున్నారు కాబట్టి మీది తయారీయే. మీ నమోదులోనూ అదే రాసి ఉందో లేదో ఈ రోజే చూసుకోండి. రెడీమేడ్ యూనిఫారాలు టోకున కొని ఇచ్చిన బిల్లులేవైనా ఉంటే వాటిని విడిగా పెట్టుకోండి.

ఆ పాఠశాలలు రెండింటి ఆర్డరు కాగితాలు, అవి లేకపోతే ఆర్డరు చెప్పిన వాట్సాప్ సందేశాల ముద్రిత ప్రతులు, చలాన్లు, బిల్లులు, ఇంతవరకు వచ్చిన డబ్బు తాలూకు బ్యాంకు స్టేట్‌మెంటు ఒక ఫైలులో తేదీల వరుసలో పెట్టుకుని వెళ్లండి. చలాను మీద పాఠశాల ముద్ర లేకపోతే, కొత్త విద్యా సంవత్సరం కొలతలకు వెళ్లినప్పుడు ఆఫీసు గుమస్తాను మర్యాదగా అడిగి, పోయిన ఏడాది ఎన్ని జతలు అందాయో రాయించి సంతకం చేయించుకోండి. మా పెద్దాయన మోకాళ్ల నొప్పితో ఇప్పుడు శనివారాలు రావడం లేదు. ఆయన స్థానంలో కూర్చుంటున్న రిటైర్డు ఆడిటరుగారికి తెలుగు రాదు. పెరంబూరు నుంచి అంబత్తూరుకు లోకల్ రైలు ఉంది కదా, మీరు ఏ శనివారం వస్తారో ముందుగా ఒక మాట రాస్తే, పది గంటలకు నేను ఆఫీసు మెట్ల దగ్గర ఉంటాను.