ఎథిక్స్ డిబేట్‌కు అమ్మాయిని పంపండి

ప్రశ్న: మాది చీమకుర్తి. గ్రానైట్ క్వారీలో సూపర్‌వైజర్‌గా పనిచేస్తున్నాను. మా అమ్మాయి నెల్లూరులో సివిల్ ఇంజనీరింగ్ మూడో సంవత్సరం చదువుతోంది. ఇంజనీరింగ్ నైతికతపై జరిగే డిబేట్ పోటీకి కాలేజీ జట్టులో ఎంపికైంది. నెల రోజులు దానికే పోతాయి. ఆ సమయం ఎం.టెక్ ప్రవేశ పరీక్ష గేట్‌కు చదివితే మేలు కదా?

జవాబు: ఈ పోటీ వల్ల గేట్‌లో ఒక్క మార్కు కూడా కలవదు. అయినా పంపమనే చెబుతాను. రేపు మీ అమ్మాయి సైటులో పై అధికారి ఎదుట నిలబడి, "ఇది ప్రమాదం, పని ఆపాలి" అనవలసి వస్తుంది. ఆ మాటను ఆధారాలతో, తడబడకుండా చెప్పడం సాధన లేకుండా రాదు.

1986 జనవరి 27 రాత్రి అమెరికాలో ఇంజనీర్లకు ఆ పరిస్థితే ఎదురైంది. చాలెంజర్ వ్యోమనౌకకు బూస్టర్ రాకెట్లు తయారుచేసిన థియోకాల్ సంస్థ ఇంజనీర్లు, రాకెట్ అతుకుల్లోంచి వేడి వాయువు బయటికి రాకుండా ఆపే రబ్బరు ఓ-రింగులు చలికి బిగుసుకుపోతాయని, సుమారు 12 డిగ్రీల సెల్సియస్ కన్నా తక్కువ ఉంటే ప్రయోగం వద్దని వాదించారు. మొదట వారితో ఏకీభవించిన యాజమాన్యం, నాసా అధికారులు అభ్యంతరం చెప్పాక మాట మార్చింది. మర్నాడు నౌక పైకి లేచిన 73 సెకన్లకే ముక్కలైంది. ఏడుగురు చనిపోయారు. ఇంజనీర్లు తమ సమాచారాన్ని ఒప్పించేలా చూపలేదని విమర్శించేవారున్నారు. నా దృష్టిలో బాధ్యత యాజమాన్యానిదే. అయినా వినడానికి ఇష్టపడని వారికి ఎలా చెప్పాలో మన పిల్లలు ముందే నేర్చుకోవాలి.

పోటీ ఏ తరహాదో కనుక్కోండి. 1993లో ఇల్లినాయ్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీలో మొదలైన ఎథిక్స్ బౌల్ పద్ధతిలో సమస్యలు ముందే ఇస్తారు, అనుకూలమో వ్యతిరేకమో ఒక పక్షాన్ని అంటగట్టరు. నమ్మినదే చెప్పవచ్చు, న్యాయనిర్ణేతల ప్రశ్నలకు నిలవాలి. గొంతు పెంచి గెలిచే పోటీలకన్నా ఇది ఎంతో మేలు.

సన్నాహంలో మీరే ఆమెకు పెద్ద అండ. క్వారీ గోడలో పగులు కనిపించింది, ఎగుమతి గడువు దగ్గరపడింది. అప్పుడు ఎవరు ఏమంటారో, కూలీలు ఎందుకు నోరు విప్పరో మీకు తెలిసినంతగా ఏ పుస్తకంలోనూ ఉండదు. కూర్చోబెట్టి చెప్పండి. 1961 నాటి మెటాలిఫెరస్ గనుల (బొగ్గు, చమురు కాని గనుల) నిబంధనల్లో 106వది కూడా ఆమె చేత చదివించండి. గట్టి రాయి అయినా పక్కలను మెట్లుగానో వాలుగానో కోయాలని, లేదంటే కూలకుండా భద్రపరచాలని అది చెబుతుంది. అనుభవం, నిబంధన రెండూ చేతిలో ఉంటే వాదన గట్టిపడుతుంది.

ఉద్యోగ ఇంటర్వ్యూలో బృందంతో విభేదించిన సందర్భం చెప్పమన్నప్పుడూ ఇది పనికొస్తుంది, అది అదనపు లాభం మాత్రమే. గేట్‌కు రోజూ ఉదయం రెండు గంటలు ఆపకుండా చదవమనండి. పోటీ సెమిస్టర్ పరీక్షల వారంలో పడితే మాత్రం ఈసారికి మానుకుని, వచ్చే ఏడాది జట్టులో చోటు అడగమనండి.