రాజీవ్ దీక్షిత్, మా చిన్నాన్న, గోలీసోడా

"స్వదేశీ ప్రచారకుడు రాజీవ్ దీక్షిత్ ఉపన్యాసాలు విని నిజంగా జీవితం మార్చుకున్నవారు మీకు తెలుసా?" అని ఒకరు నన్ను అడిగారు. తెలుసు, మా చిన్నాన్న. పాలకొల్లు దగ్గర కాలువగట్టు మీది ఊరు మాది. ఆయన కొన్నేళ్లు రాయపూర్‌లో రైసుమిల్లు మెకానిక్కుగా పనిచేసి, సంపాదన కంటే ఎక్కువగా హిందీని, దానితోపాటు ఒక సంచీ నిండా దీక్షిత్ క్యాసెట్లను వెంటబెట్టుకుని ఊరికి తిరిగివచ్చారు. మర్నాటి నుంచి మా ఇంట్లో పేస్టుకు బదులు వేపపుల్ల వచ్చింది. ఒక్క కంపెనీ వచ్చి దేశాన్ని ఏలిపోయిందని, ఇప్పుడు వచ్చినవి వేలల్లో ఉన్నాయని అరుగు మీద కూర్చున్నవారందరికీ ఆయన తెలుగులో చెప్పేవారు.

అసలు పరీక్ష 2012 వేసవిలో, మా చెల్లి పెళ్లిలో ఎదురైంది. విదేశీ కూల్‌డ్రింకు పందిట్లోకి రాకూడదని పట్టుబట్టి, చిన్నాన్న గోలీసోడా పెట్టెలు దింపించారు. రాజమండ్రి నుంచి వచ్చిన మగపెళ్లివారిలో సగం మందికి గోలీ కొట్టడమే తెలియదు. బొటనవేలితో అదిమితే గోలీ లోపలికి దిగుతుంది గాని, తాగేటప్పుడు సీసా మెడలో ఉన్న నొక్కుల వైపు తిప్పి పట్టుకోకపోతే అది దొర్లుకుంటూ వచ్చి మూతికి అడ్డం పడుతుంది. పెళ్లికొడుకు పెదనాన్నగారు నాలుగుసార్లు సీసా ఎత్తారు, నాలుగుసార్లూ గోలీయే వచ్చింది. ఐదోసారి సోడా అంతా పట్టుపంచె మీద పడింది. "కూల్‌డ్రింకులకి కూడా డబ్బుల్లేవాండీ ఆయ్?" అన్న మాట మా పిన్ని ఇప్పటికీ మరిచిపోలేదు.

ఆ సీసాను 1870ల్లో రూపొందించినవాడు హైరమ్ కాడ్ అనే ఇంగ్లీషు ఇంజనీరని తరువాత ఎప్పుడో చదివి, పరుగున వెళ్లి చిన్నాన్నకు చెప్పాను. ఆయన చలించలేదు. "ధవళేశ్వరం ఆనకట్ట కట్టించినవాడూ ఇంగ్లీషువాడేరా, కాటన్ దొర విగ్రహానికి మనం దండలు వేయడం లేదూ? సీసా వాడిదే కావచ్చు, సోడా కొట్టేది మన ఊరివాడు కదా" అన్నారు. దీక్షిత్ ఉపన్యాసాల్లో నేను విన్న ఏ మాట కంటే ఇది బాగుందని నా అభిప్రాయం.

దీక్షిత్ విషయానికొస్తే, 1967లో ఉత్తరప్రదేశ్‌లోని అలీగఢ్ జిల్లాలో పుట్టి, ఆజాదీ బచావో ఆందోళన్‌లో బహుళజాతి కంపెనీల మీద, ముఖ్యంగా కోకాకోలా, పెప్సీల మీద పోరాడి, తరువాత బాబా రాందేవ్‌తో కలిసి భారత్ స్వాభిమాన్‌లో పనిచేసిన ఆయన అడిగిన ప్రశ్న, మన బతుకు పరదేశపు కంపెనీల చేతుల్లో ఎంతవరకు ఉండాలన్నది, గట్టిదే. సాక్ష్యం దగ్గరే ఆయనతో నాకు పేచీ. కూల్‌డ్రింకుతో మరుగుదొడ్డి శుభ్రపడుతుంది కనుక అది విషమన్న వాదన పట్టుకుని చిన్నాన్న మా బాత్‌రూములో ప్రయోగం చేసి చూపించారు, మరక నిజంగానే పోయింది. చింతపండుతో తోమితే రాగిచెంబూ మెరుస్తుంది, అంతమాత్రాన పులుసు మానేస్తామా? 2010 నవంబరు 30న, తన పుట్టినరోజు నాడే, ఛత్తీస్‌గఢ్‌లోని భిలాయిలో దీక్షిత్ మరణించడం, పోస్టుమార్టం జరగకపోవడం అభిమానుల అనుమానాలకు ఊపిరి పోశాయి. ఆ తగవులో మునిగినవారు ఆయన అడిగిన ప్రశ్నను పూర్తిగా వదిలేశారు.

మా డెల్టాలో ఆ ప్రశ్నకు జవాబు పేస్టు డబ్బాలో లేదు, రొయ్యల చెరువులో ఉంది. 2009లో వనామీ అనే విదేశీ రకం రొయ్యకు అనుమతి వచ్చాక వరిచేలు ఎన్నో చెరువులయ్యాయి, చిన్నాన్న మూడెకరాలూ వాటిలోనే కలిశాయి. రొయ్యపిల్లల్ని పుట్టించే హేచరీలకు తల్లిరొయ్యలు విదేశాల నుంచి విమానంలో వచ్చి, చెన్నైలో క్వారంటైన్ దాటితే గాని మాకు పిల్ల దొరకదు. పెరిగిన రొయ్యకు అతి పెద్ద కొనుగోలుదారు అమెరికా. వేపపుల్లతో పళ్లు తోముకునే స్వదేశీ రైతు చెరువుకు రెండు చివరలూ పరదేశంలోనే ఉన్నాయి.

2025 ఆగస్టులో మన సరుకు మీద అమెరికా సుంకం 50 శాతానికి చేరినప్పుడు ఆ సంగతి ఆయనకు నేను గుర్తు చేయవలసిన అవసరం రాలేదు. వంద కౌంటుకు, అంటే కిలోకు వంద రొయ్యలు తూగే సైజుకు, వచ్చిన సరుకును పట్టి అమ్ముదామంటే, కొనుగోలు ఏజెంటు "పది రోజులు ఆగండి" అన్నాడు. ఆగినన్ని రోజులూ మేత వేయాలి, నీటికి గాలి అందించే ఏరియేటర్లు తిప్పాలి. రొయ్యలు మేత ఎంత తిన్నాయో తెలిపే చెక్‌ట్రే పైకి లాగి మిగిలిన మేతను వేలితో కెలికి చూసిన చిన్నాన్న, ఆ రోజు ఉపన్యాసమేదీ ఎత్తుకోలేదు. గట్టు మీద కూర్చుని, ధర కోసం ఏజెంటుకు మళ్లీ ఫోన్ కలిపారు.