హైదరాబాద్ నుంచి ఒక్క రోజులో బీదర్ చూసి రావచ్చా? అమ్మానాన్నలు కూడా వస్తారు

రావచ్చు. పొద్దున ఆరింటికల్లా ఇల్లు కదలాలి, అంతే. ముంబై హైవే మీద జహీరాబాద్ దాకా వెళ్లి కుడివైపు తిరిగితే మొత్తం 140 కిలోమీటర్లు ఉంటుందేమో. కాకపోతే అందరిలా నేరుగా కోటకు పోకండి. కోటలో నీడ తక్కువ, నడక ఎక్కువ. పెద్దవాళ్లు మధ్యాహ్నం ఎండకి అక్కడే డీలా పడిపోతారు, ఇక ఊరు చూసే ఓపిక ఉండదు. నన్నడిగితే బీదర్‌లో అసలు సరుకు ఊళ్లోనూ ఊరి బయటా ఉంది.

మా ఇంటి పెద్దవాళ్లతో వెళ్లినప్పుడు మేం ముందు అష్టూరు వెళ్లాం. ఊరికి తూర్పున కొద్ది దూరంలో బహమనీ సుల్తానుల సమాధులు వరుసగా ఉంటాయి. రాజధానిని గుల్బర్గా నుంచి బీదర్‌కు మార్చిన అహ్మద్ షా సమాధిని అస్సలు వదలొద్దు. ఆయన పోయింది 1436లో. లోపల గోడల నిండా, గుమ్మటం దాకా ఎరుపు, బంగారు రంగుల్లో రాతలూ లతలూ. లోపల చీకటి. మేం వెళ్లినప్పుడు కాపలా పెద్దాయన గుమ్మం దగ్గర అద్దం పట్టుకుని ఎండను లోపలికి తిప్పి చూపించాడు. ఆ పని ఫోన్ టార్చ్ వల్ల కాదు. ఈ సుల్తాన్‌ని ముస్లింలతో పాటు లింగాయతులూ కొలుస్తారు, ఉర్సుకు జంగమయ్య రావడం ఆనవాయితీ. పక్కనే బహమనీ సుల్తాన్ హుమాయూన్ (మొఘల్ హుమాయూన్ కాదు) సమాధి, పిడుగు పడి సగానికి చీలిపోయింది. చరిత్రలో ఆయనకు క్రూరుడని పేరు. పిడుగు ఊరికే పడలేదని జనం అంటారు, మా నాన్న కూడా అదే మాట అన్నాడు!

తర్వాత ఊళ్లోకి వచ్చి మహమూద్ గవాన్ మదర్సా చూడండి. ఇరాన్‌లోని గిలాన్ నుంచి వ్యాపారిగా వచ్చి ప్రధానమంత్రి అయిన మనిషి 1472లో కట్టించిన చదువుల భవనం ఇది. 1696లో మందుగుండు పేలి ముందుభాగం చాలావరకు పోయింది. మిగిలిన ఒక్క మినారు మీద నీలం, పసుపు పెంకులు ఇంకా ఉన్నాయి. గవాన్ కథ ముగిసింది మన కొండపల్లిలో. ఆయన ఒడిశా గజపతికి రాసినట్టు శత్రువులు దొంగ ఉత్తరం పుట్టించారు. 1481లో అక్కడ దండు దిగి ఉన్న సుల్తాన్ అది నమ్మి తల తీయించాడు.

భోజనం అయ్యాక చౌబారా (ఊరి నడుమ ఉన్న పాత కావలి బురుజు) చుట్టుపక్కల బిద్రీ పనివాళ్ల దుకాణాల్లో కాసేపు కూర్చోండి. జింకు, రాగి కలిపి పోసిన వస్తువు మీద వెండి పొదిగి, నవాసాగరంలో (అమోనియం క్లోరైడ్) కోట మట్టి కలిపి రుద్దుతారు. లోహం నల్లబడుతుంది, వెండి మాత్రం తెల్లగా అలాగే ఉంటుంది. ఎండా వానా తగలని పాత గోడల కింది మట్టే కావాలట. కొనకపోయినా విసుక్కోకుండా చూపిస్తారు, కానీ మా అమ్మ కొనకుండా లేవలేదు.

కోటకు మూడు దాటాక వెళ్లండి. లేటరైట్ రాయిని తొలిచి చేసిన మూడు వరసల కందకం ముందు ఆగి చూడాలి. ఈ రాయి కోసేటప్పుడు మెత్తగా ఉండి, గాలి తగిలాక గట్టిపడుతుంది. లోపల సోలా ఖంబా మసీదు, రంగీన్ మహల్ చాలు. రంగీన్ మహల్‌లో నల్లరాతిలో ముత్యపు చిప్పలు పొదిగారు. తాళం వేసి ఉంటే వెనక్కి తిరగకుండా కోట సిబ్బందిని అడగండి, తెరిచే అవకాశం ఉంటుంది.

నరసింహ ఝరణి అనే గుహ గుడికి మాత్రం ఆలోచించి వెళ్లండి. సొరంగంలో ఛాతీ లోతు నీళ్లలో నడవాలి, పైన గబ్బిలాలు, సెలవు రోజుల్లో పెద్ద క్యూ. మోకాళ్ల నొప్పులున్నవాళ్లకు నేనైతే వద్దంటాను. దాని బదులు నానక్ ఝీరా గురుద్వారాకు తీసుకెళ్లండి, అక్కడ లంగర్‌లో అందరికీ భోజనం పెడతారు కాబట్టి మధ్యాహ్నం హోటల్ వెతుక్కునే పనీ తప్పుతుంది.