కెమెరాకు అప్పు సరే, ఇంటికి అత్యవసర నిధి ఏది?

ఖమ్మం నుంచి ఒక పాఠకుడి ప్రశ్న: నా జీతం 34,000 రూపాయలు, ఇంటి ఖర్చు 26,000. ఫిక్స్‌డ్ డిపాజిట్‌లో 90,000 ఉన్నాయి. ఆఫీసు వాళ్లు ఇచ్చిన ఆరోగ్య బీమా తప్ప వేరే బీమా లేదు. ఉద్యోగం మానేసి, నా భార్య చేసే వంటలతో యూట్యూబ్ ఛానల్ పెట్టాలనుకుంటున్నాం. రాజీనామా చేశాక బ్యాంకులు అప్పు ఇవ్వవు కాబట్టి, ముందే 3 లక్షల పర్సనల్ లోన్ తీసుకుని కెమెరా, లైట్లు, ల్యాప్‌టాప్ కొంటాను. వడ్డీ ఎక్కడ తక్కువ?

వడ్డీ ఎక్కడ తక్కువో నేను చెప్పను. జీతం లేనివారికి బ్యాంకు అప్పు ఎందుకివ్వదో మీకు తెలుసు. తెలిసి కూడా ఆ జీతాన్ని చూపించి అప్పు తీసుకుని, మరునాడే దాన్ని వదులుకోవాలనుకుంటున్నారు. ఇటీవల నాకు వచ్చే ఉత్తరాల్లో ఈ పొరపాటు తరచుగా కనిపిస్తున్నందువల్లనే మీకు ఇక్కడ జవాబు రాస్తున్నాను.

16 శాతం వడ్డీకి, మూడేళ్ల గడువుకు తీసుకుంటే నెలకు సుమారు 10,550 రూపాయల వాయిదా కట్టాలి, వడ్డీకే దాదాపు 80,000 పోతుంది. వాయిదా వచ్చే నెలే మొదలవుతుంది. యూట్యూబ్ ప్రకటనల ఆదాయంలో వాటా రావాలంటే మాత్రం 1,000 మంది సబ్‌స్క్రైబర్లతో పాటు 12 నెలల్లో 4,000 గంటల వీక్షణ గానీ, 90 రోజుల్లో షార్ట్స్‌కు, అంటే చిన్న నిలువు వీడియోలకు, కోటి వ్యూస్ గానీ ఉండాలి. అదంతా అయ్యాక కూడా ఖాతాలో 100 డాలర్లు పోగయ్యేదాకా చెల్లింపు జరగదు.

ఈలోగా ఇల్లు దేనితో నడుస్తుంది? ఉద్యోగంలో ఉన్నవారికే ఆరు నెలల ఖర్చు, మీ లెక్కన 1,56,000 రూపాయలు, అత్యవసర నిధిగా విడిగా ఉండాలి. మీ దగ్గర ఉన్నది మూడున్నర నెలలకు కూడా చాలదు. నెలనెలా మిగిలే 8,000 అందులోకే వేస్తే తొమ్మిది నెలల్లో ఆ లోటు తీరుతుంది, కాబట్టి అప్పటిదాకా డిపాజిట్‌ను ముట్టుకోకండి. నెలనెలా మ్యూచువల్ ఫండ్‌లో కొంత పెట్టే సిప్ ఆలోచన ఆ తరువాతే. బంగారం తాకట్టు, కార్డు మీద ఈఎంఐ లాంటివి వద్దే వద్దు.

వీడియోలు మాత్రం ఈ ఆదివారమే మొదలుపెట్టవచ్చు. మీ చేతిలోని ఫోను, ఒక ట్రైపాడ్, వైరున్న కాలర్ మైకు, కిటికీలోంచి వచ్చే ఉదయపు వెలుతురు, ఉచిత ఎడిటింగ్ యాప్ చాలు. కొనవలసినవన్నీ కలిపినా 3,000 దాటనవసరం లేదు. మైకును మాత్రం మానవద్దు, ఎందుకంటే బొమ్మ కాస్త మసకగా ఉన్నా చూస్తారు గానీ మాట వినపడకపోతే చూసేవారు నిలవరు. గుంటూరు జిల్లా పల్లెలో మస్తానమ్మ గారు ఆరుబయట కట్టెల పొయ్యి మీద వండిన వంటలను యూట్యూబ్‌లో లక్షల మంది చూశారు, అక్కడేమీ ఖరీదైన వంటగది లేదు.

ఉద్యోగం మానితే సాధారణంగా ఆఫీసు ఆరోగ్య బీమా కూడా పోతుంది. కనుక కుటుంబానికి సొంత పాలసీ ఇప్పుడే తీసుకోండి, ప్రీమియం వల్ల నిధి నిండడం ఒకటి రెండు నెలలు ఆలస్యమైనా ఫరవాలేదు. రాజీనామా మాట, ఛానల్ ఆదాయం ఏడాదిపాటు ఏ నెలా 26,000కు తగ్గకుండా వచ్చి, అత్యవసర నిధి 3,12,000కు చేరాక ఎత్తండి.