డబ్బు తిరిగి వేశారు, ‘కట్టేశాను’ అన్న మాట మాత్రం మిగిలింది

ప్రశ్న: కూకట్‌పల్లిలో 20 ఫ్లాట్ల అపార్ట్‌మెంట్ మాది. ఆరేళ్లుగా నేనే ట్రెజరర్‌ని. మెయింటెనెన్స్ డబ్బు నా సొంత ఖాతాకే వస్తుంది. జూన్‌లో పాప ఫీజుకు తక్కువపడి అందులో 18,000 వాడుకుని, తొమ్మిది రోజుల్లో మళ్లీ వేసేశాను. ఈలోగా లిఫ్టు సర్వీసు బిల్లు గురించి వాట్సాప్ గ్రూపులో అడిగితే ‘కట్టేశాను’ అన్నాను. లిఫ్టు ఆగింది. వచ్చిన మెకానిక్ డబ్బు అందలేదని అందరి ముందూ చెప్పాడు. ఇప్పుడెవరూ పలకరించట్లేదు. మా ఆవిడ కిందికి దిగడమే మానేసింది. ఫ్లాటు అద్దెకిచ్చి వెళ్లిపోదామా?

జవాబు: వెళ్లకండి. ఇప్పుడు వెళ్తే ఇంతవరకూ ఎవరూ వేలెత్తి చూపని పాత లెక్కల మీద కూడా అనుమానం పడుతుంది.

మిమ్మల్ని ఎక్కువ దెబ్బతీసింది ఆ 18,000 కాదు, ‘కట్టేశాను’ అన్న మాట. అది అబద్ధమని తేలాక వాటర్ ట్యాంకర్లకూ జనరేటర్ డీజిల్‌కూ మీరు రాసిన ప్రతి బిల్లునూ అందరూ మనసులో మళ్లీ లెక్కేసుకుంటున్నారు. ఆ మెసేజ్‌ని డిలీట్ చేయాలని చూడకండి. రెండున్నర రోజులు దాటితే అందరి ఫోన్లలోంచీ ఎలాగూ పోదు.

ముందు ఇంట్లో మొత్తం చెప్పండి. పక్కింటివాళ్ల ప్రశ్నలు ఎదుర్కోవాల్సింది మీ ఆవిడే. తర్వాత బ్యాంకు స్టేట్‌మెంట్ ప్రింటు తీసి, డబ్బు తీసిన తేదీ, వేసిన తేదీ, లిఫ్టు బిల్లు కట్టిన తేదీ పెన్నుతో గుర్తుపెట్టండి. ఆ కాగితంతో ప్రెసిడెంట్, సెక్రటరీల ఇంటికి స్వయంగా వెళ్లండి. ‘వాడుకున్నాను, అబద్ధం చెప్పాను’ అన్నదే మొదటి వాక్యం కావాలి. పాప ఫీజు సంగతి వాళ్లడిగితేనే చెప్పండి. ముందే చెబితే సాకులా వినిపిస్తుంది. ‘తిరిగి వేశాను కదా’ అని అసలు అనొద్దు. అప్పగించిన సొమ్మును దురుద్దేశంతో కొన్నాళ్లే వాడుకున్నా దుర్వినియోగమేనని భారతీయ న్యాయ సంహిత 314వ సెక్షన్ వివరణ చెబుతోంది. పోలీసుల దాకా వెళ్తుందని భయపెట్టడానికి కాదు, ఆ వాదన నిలవదని చెప్పడానికే.

మీటింగు పెట్టమని మీరే అడగండి. మీకు దగ్గరవాళ్లు కాని ఇద్దరిచేత గత 12 నెలల బిల్లులన్నీ చూపించండి. పదవి వదిలేయండి, బతిమాలినా ఈ ఏడాది తీసుకోవద్దు. సొంత ఖాతాలో అందరి డబ్బు ఉంచడమే ఈ పొరపాటుకు దారి తీసింది. అసోసియేషన్ రిజిస్ట్రేషన్ పత్రం, పాన్, తీర్మానం లాంటివి ఉంటే దాని పేరుతోనే ఖాతా తెరవచ్చు. ఇద్దరి సంతకాలుంటేనే డబ్బు కదిలేలా పెట్టించండి.

మెకానిక్‌ని కూడా కలవండి. నిజం చెప్పినందుకు అతని మీద ఎవరైనా చిరాకుపడి ఉంటే, తప్పు మీదేనని అతనికి చెప్పండి.